మా కోసం పిడికెళ్లు జారవిడిచిన మీ అందరికీ

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

మా వారికి రక్త క్యాన్సర్ చికిత్స పూర్తయింది. ఎముక మజ్జ పరీక్షలో వ్యాధి కణాలు కనబడలేదని డాక్టరు గారు చెప్పారు. ఇక క్రమం తప్పకుండా రక్త పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఈ కబురు ఒక్కొక్కరికీ ఫోను చేసి చెబుదామని మొదలుపెట్టాను. కానీ చెప్పవలసిన వాళ్లలో చాలామంది పేర్లే నాకు తెలియవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

గుంటూరు ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన కూర్చుని నేను ఎక్కువగా చదివింది బైబిలులోని రూతు గ్రంథం. నాలుగే అధ్యాయాలు. అందులో సముద్రం పాయలవదు, ఆకాశం నుంచి స్వరం వినబడదు, దేవదూత రాడు. దేవుడు స్వయంగా చేశాడని కథకుడు చెప్పేవి రెండే: మొదట్లో కరువు తీర్చి తన ప్రజలకు ఆహారం ఇవ్వడం, చివర్లో రూతుకు గర్భం అనుగ్రహించడం. ఆ రెండింటి మధ్య జరిగేదంతా మనుషుల చేతుల మీదుగానే జరుగుతుంది. ఎవరో పొలంలోకి రానిస్తారు, ఎవరో నీళ్లు తాగమంటారు, ఎవరో పేలాలు అందిస్తారు.

ఆ రోజుల్లో నాకు అందరికంటే దగ్గరగా అనిపించింది నయోమి. భర్తనూ ఇద్దరు కొడుకులనూ మోయాబు దేశంలో పోగొట్టుకుని, ఆ దేశపు పిల్ల, విధవ కోడలు అయిన రూతుతో సొంత ఊరు బేత్లెహేముకు తిరిగి వచ్చి, నిండుగా వెళ్లాను, దేవుడు నన్ను వట్టి చేతులతో తీసుకొచ్చాడని ఊరి ఆడవాళ్ల ముందు అంటుంది. ఆ మాటకు ఆమెను ఎవరూ మందలించరు. అవిశ్వాసివని ఎవరూ అనరు. ఆ అధ్యాయం చివరి మాట ఏమిటంటే, వాళ్లు వచ్చిన వేళకు యవల కోత మొదలైందని! ఆమె ఏడుస్తూనే ఉంది, అటు చేను కోతకు వచ్చే ఉంది. వార్డులో ఆ వచనం దగ్గర ఎన్నోసార్లు ఆగిపోయాను. నాతో ప్రార్థన చేయడానికి వచ్చి, నా ఏడుపుకు అడ్డు చెప్పకుండా పక్కన కూర్చున్న మా పాస్టరమ్మ గారికి ముందుగా నా వందనాలు. ఎందుకు ఇలా జరిగిందో మీరు నాకు వివరించబోలేదు. అది నాకు ఎంత మేలు చేసిందో మీకు తెలియాలి.

మాకు జబ్బు సంగతి తెలిసేసరికి మా ఎకరం వరి పసుపు తిరుగుతోంది. ఎదురింటి బాబాయి గారు మమ్మల్ని అడగలేదు. వరి కోయకముందే తన చేనుతో పాటు మా చేనులోనూ మినుములు చల్లారు. తన కోత మిషను వచ్చిన రోజునే మా చేను కూడా కోయించారు. ధాన్యం అమ్మిన డబ్బు మా అత్తయ్య చేతిలో పెట్టి, మిషను కిరాయి ఎంతో చెప్పకుండానే వెళ్లిపోయారు. బాబాయి గారూ, ఇప్పటికైనా ఆ లెక్క చెప్పండి.

మా సంఘంలో ఆడవాళ్లు అన్నం వండేటప్పుడల్లా కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం గుడికి తెస్తారు. ఆ నెలల్లో అది మా ఇంటికి వచ్చింది. ఒక ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు ఆ సంచి విప్పి చూశాను. సన్నబియ్యం, లావు బియ్యం, రేషన్ బియ్యం, కొన్ని కొత్తవి, కొన్ని పాతవి, అన్నీ కలిసి ఉన్నాయి. వండితే ఒక మెతుకు మెత్తగా, ఒక మెతుకు పలుకుగా వచ్చింది. "ఎన్ని ఇళ్ల అన్నం తింటున్నామో చూడమ్మా" అన్నారు అత్తయ్య, పిల్లలకు వడ్డిస్తూ.

చేను కోసేటప్పుడు అంచుల దాకా కోయవద్దనీ, పరిగె, అంటే కోతలో రాలిన వెన్నులు, ఏరుకోవద్దనీ, అది బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలనీ లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉంది. అంటే బీద, పరదేశి అయిన రూతు పరిగె ఏరుకోవడం ఆమె హక్కు. ఆ చేను యజమాని బోయజు అంతటితో ఆగలేదు. పనల్లోంచి పిడికెళ్లు కావాలనే లాగి ఆమె దారిలో పడేయమనీ, ఆమెను గద్దించవద్దనీ పనివాళ్లతో చెప్పాడు. ఈ ఏర్పాటు రూతుకు తెలిసినట్టు కథలో ఎక్కడా లేదు. పొద్దుగూకే దాకా వంగి ఏరుకుంది, దుళ్లకొట్టుకుంది, దాదాపు తూమెడు యవలు తన కష్టంగా ఇంటికి మోసుకెళ్లింది. ఆకలి తీర్చడం ఒక్కటే అయితే ఒక బస్తా ఇచ్చి పంపితే సరిపోయేది. ఆయన ఆమె తల దించుకోకుండా చూశాడు. నేను అర్థం చేసుకున్న కృప ఇదే. మీరు మాకు చేసింది కూడా ఇదే. ప్రభుత్వ ఆరోగ్య పథకం వల్ల పెద్ద ఖర్చు తప్పినా, గది అద్దె, ప్రయాణాలు, బయట కొనే మందులు మిగిలే ఉంటాయి. అద్దె ఇచ్చే రోజు వచ్చేసరికి నా బైబిలు సంచిలో ఎవరు పెట్టారో తెలియని కవరు ఉండేది. ఎవరని నేను వెతకలేదు. వెతికితే మీ మనసు నొచ్చుకుంటుందని తెలుసు.

ఇక ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టించే కణాలు, ఇచ్చిన వాళ్లు. కీమో తర్వాత మజ్జ కొత్త కణాలు తయారు చేయలేదు, కాబట్టి ప్లేట్‌లెట్లు మళ్లీ మళ్లీ ఎక్కించాలి. ఎర్రకణాలను ఫ్రిజ్‌లో నెలకు పైగా నిల్వ చేయవచ్చు. ప్లేట్‌లెట్లు మాత్రం ఐదు రోజులే ఉంటాయి. అందుకే ఎప్పటికప్పుడు మనిషి రావాలి, గంటకు పైగా మిషను పక్కన పడుకోవాలి. అది రక్తం తీసి, ప్లేట్‌లెట్లు వేరు చేసి, మిగతాది తిరిగి ఒంట్లోకి పంపుతుంది. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు పరీక్షల మధ్య వచ్చారు. రంజాన్ నెలలో ఒక ముస్లిం తమ్ముడు ఇఫ్తార్ అయ్యాక వచ్చి, ఇచ్చి, సహరీ వేళకు ఇల్లు చేరాలని వెళ్లిపోయాడు. అరణ్యంలో దేవుడు ఏ రోజుకారోజు ఇచ్చిన ఆహారం, మన్నాను, మర్నాటికి దాచుకోవద్దని మోషే ఎందుకన్నాడో చిన్నప్పుడు సండే స్కూల్లో నాకు అంతుపట్టేది కాదు. బ్లడ్ బ్యాంకు బయట బల్ల మీద, రేపు ఎవరు వస్తారో తెలియకుండా కూర్చున్నప్పుడు ఆ మాట వేరుగా వినిపించింది. మర్నాడు ఎవరో ఒకరు వచ్చేవారు.

మీరందరూ ఎవరి మతంలో, ఎవరి మాటల్లో దీన్ని చెప్పుకున్నా, నేను మాత్రం దీన్ని నా దేవుని ప్రేమ అనే చెబుతాను. అది మీ చేతుల్లో కనబడిందని కూడా చెబుతాను.

రాత్రి డ్యూటీలో ఆయన జ్వరం చూసి పరుగెత్తి వచ్చిన నర్సమ్మలకు, వార్డు శుభ్రం చేస్తూ నన్ను "తిన్నావా అమ్మా" అని అడిగిన ఆయమ్మకు, పిల్లల హోంవర్కు చూసిన పక్కింటి వదినకు, మా అందరి వందనాలు.

ఈ నెల చివరి ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటి దగ్గర కృతజ్ఞతా కూడిక, భోజనాలు. ప్లేట్‌లెట్లు ఇచ్చిన పిల్లలు తప్పకుండా రావాలి, మీ పేర్లు అడిగి రాసుకోవాలని ఆయన కోరిక. కవరు పెట్టినవారు కూడా రండి. ఎవరని అడగం.