ఆ ఫొటోలో ఉన్నది పిచ్చుక కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో మేఘాద్రిగెడ్డ రిజర్వాయరు దగ్గర తీసిన ఫొటో కింద ‘ఆడ పిచ్చుక’ అని వేశారు. అది పిచ్చుక కాదండి, గడ్డిలో తిరిగే సిస్టికోలా అనే చిన్న పిట్ట. తొమ్మిదేళ్లుగా పొద్దున్నే అటు నడకకు వెళ్తున్నాను. దాన్ని చూడకుండా ఇంటికొచ్చిన రోజులు తక్కువ.

పిచ్చుకకి గింజలు కొరికే లావుపాటి ముక్కు. దీనిది పురుగుల్ని ఏరుకునే సన్న ముక్కు. నాలుగంగుళాల పిట్ట, బరువు పది గ్రాములకు అటూ ఇటూ. గోధుమరంగు వీపు మీద నల్లటి చారలు, పొట్టి తోక. ఆ తోక విప్పిందంటే విసనకర్రే, అంచున తెల్లగా. అక్కడే తిరిగే ప్రినియా అనే మరో పిట్టకి తోక పొడుగు, వీపు మీద చారలుండవు. అన్నిటికన్నా గొంతు పట్టిస్తుంది. మగది గడ్డి మీద ఎగుడుదిగుడుగా ఎగురుతూ, లేచినప్పుడల్లా ఒక్కో ‘జిట్’ అంటుంది.

కిందటేడు వానల్లో చెప్పు తెగి వంగితే, తుంగ పక్కన మోకాలెత్తులో గూడు కనబడింది. పచ్చి గడ్డిపోచల్నే సాలెపట్టు దారంతో దగ్గరకు లాగి కుట్టిన చిన్న సంచి, మూతి పైకి. నిలబడి చూస్తే ఉత్త గడ్డే! పదిహేను రోజులకే శుభ్రం పేరుతో ఆ గడ్డంతా కోసేశారు. నేను అడ్డం పడలేకపోయాను, ఆ బాధ ఇంకా పోలేదు.

వానాకాలం పోయేదాకా నీటి అంచు గడ్డి జోలికి వెళ్లొద్దని మీరు రాస్తే వింటారు. ఫొటో కింద పేరు కూడా సరిచేసి వేయండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
గోపాలపట్నం, విశాఖపట్నం