మా కాలవ గట్టు రోడ్డు మీదకి ఒక్కసారి బండి మీద రండి

ప్రాజెక్టు మేనేజర్ గారికి,
రోడ్డు నిర్వహణ కాంట్రాక్టు కంపెనీ.

విషయం: లాకుల సెంటర్ నుంచి అంబాజీపేట వైపు వెళ్ళే కాలవ గట్టు రోడ్డు మీద విడి కంకర, జారిపోయిన బెర్ములు (తారు పక్కన ఉండే మట్టి అంచులు), వాటివల్ల టూవీలర్ల మీద వెళ్ళేవాళ్ళు పడిపోవడం గురించి.

అయ్యా,

నేను లాకుల సెంటర్లో 22 ఏళ్ళుగా టూవీలర్ మెకానిక్‌గా పని చేసుకుంటున్నాను. మీరు చూసుకోవలసిన రోడ్డు నా షెడ్డు ముందు నుంచే వెళ్తుంది. ఈ రోడ్డు మీద ఏ గొయ్యి ఎప్పుడు పడిందో, ఎప్పుడు పెద్దదయిందో నా దగ్గరకొచ్చే బండ్లని చూసి చెప్పగలను. ఇదివరకు నెలకి రెండో మూడో ముందు రిమ్ములు వంకర తీయించడానికి వచ్చేవి. ఈ వానాకాలం వారానికి అన్ని వస్తున్నాయి. ఫోర్కు సీళ్ళు పోయి ఆయిల్ కారుతున్న బండ్లు, హ్యాండిల్ బేరింగులు అరిగిపోయిన బండ్లు అంతకన్నా ఎక్కువ. నాకు పని దొరుకుతోందని సంతోషించే మనిషిని కాదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

వరలక్ష్మీ వ్రతం నాడు మా అక్క, బావగారు మా ఇంటికి వచ్చారు. అక్క మా అమ్మ చేతి మీదుగా తాంబూలం తీసుకుని, రాత్రి ఎనిమిది దాటాక బయలుదేరింది. సన్నగా జల్లు పడుతోంది. కాసేపు ఆగి వెళ్ళమన్నాను. తెల్లవారుజామునే డ్యూటీ ఉందని బావగారు ఆగలేదు. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు కూడా పోలేదు, తూము దగ్గర మలుపులో పడిపోయారు. ఫోన్ వస్తే నేను పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి అక్క రోడ్డు పక్కన బురదలో కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్ళో పట్టుకుని ఉంది. నుదుటి మీద నుంచి రక్తం కారి పట్టుచీర మీద పడుతోంది. అమ్మ వాయనంగా ఇచ్చిన నానబెట్టిన శనగలు మీ కంకర సందుల్లో చెదిరిపోయి ఉన్నాయి. "నా గాజులు పగిలిపోయాయిరా" అని ఒకటే మాట పదేపదే అంటోంది. చెయ్యి విరిగిన సంగతి అప్పటికింకా తనకి తెలియదు.

మణికట్టు రెండు చోట్ల విరిగింది. అమలాపురంలో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. నుదుటికి ఆరు కుట్లు. మా అక్క జాకెట్లు కుట్టి ఇల్లు నడిపే మనిషి. దసరాకి కుట్టి ఇస్తానని ఒప్పుకున్న బట్టలన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగి పంపించేసింది. ఇప్పుడు కత్తెర పట్టుకోమంటే వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఫిజియోథెరపీ చేయించాలంటున్నారు.

బావగారు హెల్మెట్ పెట్టుకున్నారు, ఆయన తలకి ఏమీ కాలేదు. అక్క పెట్టుకోలేదు. వెనక కూర్చున్నవాళ్ళకీ హెల్మెట్ తప్పనిసరని చట్టం చెబుతోంది, అది మా తప్పేనని ఒప్పుకుంటున్నాను. ఆ రాత్రి నుంచి మా ఇంట్లో రెండో హెల్మెట్ లేకుండా ఎవరినీ బండి ఎక్కనివ్వడం లేదు. అయితే హెల్మెట్ తలని కాపాడుతుందే గానీ చేతికి అడ్డుపడదు కదండీ.

మర్నాడు మీ సైట్ సూపర్‌వైజర్ గారికి ఫోన్ చేశాను. మీ బోర్డు మీద రాసిన నంబరు ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. ఆయన నంబరు ఇంకొకరి దగ్గర సంపాదించాను. ఆయన అన్నది రెండే మాటలు. ఒకటి, "స్పీడుగా వెళ్ళి ఉంటారు." రెండు, "వానలు తగ్గాక చూస్తాం." ఈ రెండింటికీ నేను జవాబు చెప్పాలి.

ఆ రాత్రి పడిపోయిన బండిని ఎత్తింది నేనే. హ్యాండిల్ వంగిపోయింది, ఎడమ ఫుట్‌రెస్టు లోపలికి మడతపడింది, ఇంజను ఆగిపోయి ఉంది. న్యూట్రల్ చేద్దామని చూస్తే గేరు రెండులో ఉంది. ఆ బండి సర్వీసు మొదటి నుంచీ నేనే చేస్తున్నాను. వెనక మనిషిని ఎక్కించుకుని, జల్లులో, మలుపులో రెండో గేరులో వెళ్ళే బండి స్పీడు ఎంతుంటుందో మీ దగ్గర ఏ డ్రైవర్‌ని అడిగినా చెబుతాడు. ఎదురుగా కొబ్బరికాయల లోడు ట్రాక్టరు హైబీమ్ వేసుకుని వచ్చింది. కళ్ళు చెదిరి బావగారు ఎడమకి జరిగారు. ముందు చక్రం మీ కంకర మీదకెక్కింది. అంతే జరిగింది.

ఆ కంకర అక్కడికి ఎలా వచ్చిందో మీకు తెలియాలి. ఎండాకాలంలో కాలవలకి నీళ్ళు కట్టేసినప్పుడు మీవాళ్ళు ట్రాక్టరుతో వచ్చి గోతుల్లో కంకర, రాతిపొడి పోసి, పారతో సర్ది వెళ్ళిపోయారు. గొయ్యి అంచులు తిన్నగా కొయ్యలేదు. లోపలి మట్టి ఊడ్చలేదు. తారు చల్లలేదు. రోలరు రాలేదు. నేను షెడ్డులో కూర్చుని చూస్తూనే ఉన్నాను, ఆ రోజే అడిగాను కూడా. "పైన లేయరు తర్వాత వేస్తాం" అన్నారు. ఆ తర్వాత అనేది ఇంతవరకూ రాలేదు. మొదటి రెండు వానలకి రాతిపొడి కొట్టుకుపోయింది. చక్రాల కింద కంకర లేచి లేచి మలుపులో బయటివైపు గోలీకాయల్లా పరుచుకుంది. గొయ్యి మళ్ళీ గొయ్యే అయింది, అదనంగా దాని చుట్టూ కంకర చేరింది. పని చేయకుండా వదిలేసినా ఇంత ప్రమాదం ఉండేది కాదు.

మీరు ఇంజనీర్లు, మీకు నేను చెప్పేదేముంది అనిపించవచ్చు. కానీ మీ ఇంజనీరు గారు ఈ రోడ్డు చూడటానికి ఎప్పుడొచ్చినా కారులో, పగటిపూట వస్తారు. కారుకి గొయ్యి వస్తే రెండు చక్రాల మధ్యకి తీసుకుంటారు, లేదా ఒక కుదుపు కుదిపి వదిలేస్తుంది. కంకర మీద కొంచెం జారినా నాలుగు చక్రాల మీద నిలబడే ఉంటుంది. బండికి అలా కాదు. టైరు రోడ్డుని తాకేది అరచెయ్యంత మేర. ఆ అరచేతి కింద నాలుగు రాళ్ళు దొర్లితే ముందు చక్రం పక్కకి పోతుంది, బ్రేకు పట్టుకుంటే ఇంకా తొందరగా పోతుంది. ముందు చక్రం జారాక ఎంత అనుభవం ఉన్నవాడైనా చెయ్యగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

బెర్ముల సంగతి ఇంకా దారుణం. తారు అంచుకీ పక్కన మట్టికీ మధ్య జానెడు లోతు తేడా ఉంది. లారీ ఎదురొస్తే బండివాడు దిగక తప్పదు, లేకపోతే దారి లేదు. దిగిన తర్వాత మళ్ళీ రోడ్డెక్కబోతే టైరు ఆ తారు అంచుకి ఒరుసుకుంటూ వెళ్తుంది గానీ ఎక్కదు. హ్యాండిల్ ఇంకొంచెం తిప్పితే ఒక్కసారిగా ఎక్కి, బండి అడ్డంగా రోడ్డు మధ్యకి దూసుకుపోతుంది. ఎక్కకపోతే బండి అదుపు తప్పి పడుతుంది, ఎడమన కాలవ. మా కాలవ గట్టుకి రెయిలింగు లేదు, మెరిసే రాళ్ళు లేవు, ఒక్క దీపం లేదు. కాలవ నిండుగా ఉన్న రోజుల్లో రాత్రిపూట వానలో నీళ్ళేవో రోడ్డేదో తేడా తెలియదు.

ఇక్కడి నేల స్వభావం మీకు తెలియనిది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన దగ్గర నుంచీ ఈ డెల్టాలో రోడ్డనేది ఒక పక్క కాలవకీ ఇంకో పక్క చేలకీ మధ్య నడుస్తోంది. సార్వా (వానాకాలం పంట) నాట్లు పడ్డాక రెండు వైపులా నీళ్ళే. నల్ల మట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, పైన తారు పగులుతుంది. ఆ పగుల్లోకి నీళ్ళు దిగితే పని అయిపోయినట్టే. పైగా చేపల లారీలు, రొయ్యల లారీలు దారి పొడుగునా నీళ్ళు కార్చుకుంటూ పోతాయి. దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు మా రైతులే రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, అదీ బండివాళ్ళకి ప్రమాదమే, పంచాయతీలో ఆ మాట నేను చాలాసార్లు లేవనెత్తాను. మీ పనికి వచ్చిన ఇబ్బందులన్నీ నాకు అర్థమవుతాయి. అయితే ఇవన్నీ కాంట్రాక్టు తీసుకునే ముందు నుంచీ ఉన్నవే. పక్క కాలువలు తీసి వాన నీళ్ళు పోయే దారి చూపించకుండా, ఇలాంటి నేల మీద గోతిలో రాతిపొడి పోస్తే ఏమవుతుందో ఊహించడం కష్టమేమీ కాదు.

వానలు తగ్గాక అన్నారు. వానలో కూడా గోతిలో వేసి కుదించగలిగే కోల్డ్ మిక్స్ (వేడి చెయ్యక్కర్లేని తారు కంకర) సంచులు దొరుకుతాయి. అది కూడా వీలు కాకపోతే, చీపురు పట్టుకుని కంకర ఊడ్చడానికి వాన అడ్డం కాదు. మలుపుకి ముందు ఒక బోర్డు పెట్టడానికీ అడ్డం కాదు. రోడ్డు పనులు జరిగే చోట ఏ దూరంలో ఏ హెచ్చరిక ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్పీ 55 మార్గదర్శకాల్లో వివరంగా ఉందట. మా రోడ్డు మీద ఇప్పుడున్న హెచ్చరిక మేం పెట్టుకున్నదే. పెద్ద గోతుల్లో కొబ్బరిమట్ట నిలబెట్టి, కొసకి తెల్లటి ఎరువు గోతం ముక్క కడుతున్నాను. రోజూ షెడ్డు మూసేటప్పుడు ఒకసారి వెళ్ళి, పడిపోయినవి మళ్ళీ నిలబెట్టి వస్తున్నాను. తూము దగ్గర మట్ట ఆ సాయంత్రం కూడా నిలబెట్టాను. ఏదో బండి తగిలి పడిపోయినట్టుంది, నేను వెళ్ళేసరికి కాలవ పక్కన పడి ఉంది.

నా దగ్గర సర్వీసు చేయించుకునే వకీలు గారు ఒకరు చెప్పారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఎ అనే సెక్షన్ చేర్చారట. రోడ్డు నిర్వహణ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా, బాధ్యులైన అధికారికీ కాంట్రాక్టరుకీ లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటుంది. అది విన్నప్పటి నుంచి ఇంకో సంగతి నన్ను తొలిచేస్తోంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద వెళ్ళినవాళ్ళే. గోతుల వల్ల చనిపోయినట్టు రాసింది 1,856 మందిని. మిగతావాళ్ళలో మా అక్కలా పడిపోయినవాళ్ళు ఎందరో. ఆ రాత్రి జరగరానిది జరిగి ఉంటే కాగితం మీద "బైకు అదుపు తప్పి" అని రాసేవారు. పేపర్లో రోజూ అదే మాట. అందులో కంకర ఉండదు, జానెడు బెర్ము ఉండదు, ఆ కంకర పోసినవాళ్ళు ఉండరు.

నేను అడుగుతున్నవి ఇవి. ముందుగా, ఈ వారంలోనే తూము మలుపులో, లాకుల దగ్గర, స్కూలు ముందర విడి కంకర ఊడ్పించండి. స్కూలు ముందరిది మరీ తొందర. పొద్దున్నే ఇద్దరేసి ముగ్గురేసి పిల్లల్ని ఎక్కించుకుని తల్లులు స్కూటీల మీద వస్తారు. వానలు తెరిపివ్వగానే గోతుల్ని పద్ధతిగా కోసి, తారు కొట్టి, రోలరుతో కుదించండి. రెండు వైపులా బెర్ములు తారుతో సమానంగా గ్రావెల్ వేసి గట్టి చెయ్యండి. కాలవ వైపు మలుపులన్నింట్లో మెరిసే గుర్తులు పెట్టండి. మీ బోర్డు మీద ఎవరైనా ఎత్తే ఫోన్ నంబరు రాయండి. 2027లో గోదావరి పుష్కరాలకి ఈ దారుల మీద కొత్తవాళ్ళు వేలల్లో వస్తారు. ఈ గోతులు ఎక్కడున్నాయో మాకు కంఠతా వచ్చు, వాళ్ళకి తెలియవు.

మా అక్క ఆపరేషన్ బిల్లులు, మందుల చీటీలు, ఆ రాత్రి రోడ్డు ఫోటోలు దీనితో జత చేశాను. ఆ ఖర్చు మీరు భరించాలని కోరుతున్నాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే ఇవే కాగితాలతో వకీలు గారి ద్వారా ముందుకు వెళ్తాను.

ఇంకొక్క మాట. మీ ఇంజనీరు గారిని ఒకసారి పంపించండి. కారు షెడ్డు దగ్గర ఆపుకోవచ్చు. రాత్రి ఎనిమిదికి, జల్లు పడుతున్న రోజు చూసుకుని రమ్మనండి. నా బండి మీద వెనక కూర్చోబెట్టుకుని తూము దాకా తీసుకెళ్ళి, జాగ్రత్తగా వెనక్కి తీసుకొస్తాను. ఎప్పుడొచ్చేదీ ఒకరోజు ముందు చెబితే చాలు, బ్రేకులు చూసి ఉంచుతాను. హెల్మెట్లు రెండున్నాయి.

ఇట్లు,
భవదీయుడు,
టూవీలర్ మెకానిక్,
లాకుల సెంటర్, కోనసీమ.