చిట్టికి, నల్గొండ నుంచి

చిట్టీ,

ఎట్లున్నవ్ బిడ్డా. ఇక్కడ అందరం బాగనే ఉన్నం. వాట్సాప్‌ల ఇంత పొడుగు రాస్తే నువ్వు పైన రెండు లైన్లు చూసి వదిలేస్తవని చింటు అన్నడు, అందుకే మెయిల్ రాస్తున్న. ఫోన్‌ల ఒక్కో అక్షరం వెతుక్కుంట కొడుతున్న కాబట్టి తప్పులుంటే నవ్వకు. ముఖ్యమైన ముచ్చటేం లేదు, ఊకెనే. మీ అమ్మ మోకాలు తగ్గింది. వెనక బత్తాయి చెట్టు ఈసారి బాగ కాసింది, కోతుల పాలైనయి పోను ఇంక మిగిలినయి. పాత అల్మారా సంగతి మీ బాబాయి ఇంక తెగనిస్తలేడు, అది నీకెందుకులే.

నువ్వు ఫోన్ చేసి 19 రోజులైంది. నేనేం లెక్కపెట్టలే, పాల లెక్క రాసే క్యాలెండర్ల కనపడ్డది. మెసేజులు వస్తున్నయిలే, "బిజీ డాడీ" అని, లేకపోతే ఆ బొటనవేలు బొమ్మ.

మొన్న ఆదివారం మీ రవి బావ వచ్చిండు. లింక్డిన్‌ల నీ ఫోటో చూసిండట, ఫోటో చుట్టూ ఆకుపచ్చ రింగు ఉన్నదట. నేను అదేదో పండుగకు పెట్టుకునే డిజైన్ అనుకున్న, నువ్వు డిజైన్ల మనిషివే గద. "కాదు మామా, జాబ్ చూసుకునేటోళ్ళు పెట్టుకుంటరు అది" అన్నడు చాయ్ తాగుకుంట. మీ అమ్మ వంటింట్ల ఉన్నది, విన్నదో లేదో తెల్వదు గానీ ఆ పూట పప్పుల ఉప్పు రెండుసార్లు పడ్డది. సరేలే, వాడి మాటలు మనకు కొత్తనా, ప్లాట్ విషయంల ఏం చెప్పిండో, ఏమైందో గుర్తున్నది గద. అందుకే నేను దాని గురించి అడుగుతలేను.

నువ్వు చేసిన గ్రహణం యానిమేషన్ వీడియో మళ్ళ చూసిన, నాలుగోసారి. సెకనుకు 24 బొమ్మలని చెప్పినవ్ గద, 90 సెకన్లకు లెక్కేస్తే 2160 బొమ్మలు. అన్నీ నువ్వు గియ్యవు, ముఖ్యమైన బొమ్మలు, అవే కీఫ్రేములు, పెడితే నడుమ బొమ్మలు కంప్యూటరే నింపుతదన్నవ్, తెలుసు. అయినా 2160 అంటే తక్కువనా. రాత్రి రెండింటిదాక రెండర్ అయ్యేది, అంటే కంప్యూటర్ వీడియో తయారుచేసేది, చూసుకుంట కూసుంటే నడుము ఏమైతది? నేను పంపిన దిండు వాడుతున్నవా, ఇంక ప్లాస్టిక్ కవర్లనే ఉన్నదా? ఇరవై నిమిషాలకోసారి కండ్లు స్క్రీన్ మీదకెల్లి తీసి దూరం చూడమని డాక్టరమ్మ చెప్పింది. నువ్వు "సరే" అన్నవ్. నీ సరే నాకు తెలుసు.

వీడియో బాగుంది. బాగుందని ముందే చెప్తున్న, తర్వాత తప్పులే పడతవని అలుగకు. ముప్పై ఏండ్లు సైన్స్ చెప్పినోనికి ఆ చెయ్యి ఊకోదు. నీ మొట్టమొదటి వీడియోల మామిడికాయ చెట్టు మీదికెల్లి పడేది గుర్తున్నదా, మొత్తం ఒకటే స్పీడుల దిగింది, లిఫ్టుల వస్తున్నట్టు! నువ్వు ఈజ్ ఇన్ పెట్టి, అదే మెల్లగ మొదలై స్పీడు పెరిగేది, మళ్ళ పంపినవ్, అప్పుడు చూడ ముద్దుగనే ఉన్నది గానీ అది కూడ గురుత్వాకర్షణ కాదు. మొదటి సెకన్ల 4.9 మీటర్లు, రెండో సెకన్ల 14.7, మూడో సెకన్ల 24.5. ఒకటి, మూడు, ఐదు, గెలీలియో లెక్క. సాఫ్ట్‌వేర్ల ఉన్న రెడీమేడ్ వంపుకు ఆ లెక్క తెల్వది. నువ్వు రాత్రంత కూసొని మళ్ళ చేసినవ్, ఆ రోజు నాకు ఎంత సంతోషమైందో ఫోన్‌ల చెప్పలే. చెప్పాల్సుండె.

ఇగ గ్రహణం సంగతికి వస్త, ఇది జర పొడుగు. 1980 ఫిబ్రవరి 16, శనివారం. నేను పదో తరగతి. సంపూర్ణ సూర్యగ్రహణం, నీడ మన జిల్లా మీదికెల్లే పోయింది. జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీల సైంటిస్టులు టెలిస్కోపులు పెట్టుకొని కూసున్నరు. జనం బయటికి రాకుండ దూరదర్శన్‌ల సినిమా వేసిన్రని తర్వాత విన్న, మన ఊర్ల టీవీ ఎక్కడిది అప్పుడు. గ్రహణానికి రెండ్రోజుల ముందు మా సైన్స్ సారు క్లాసుల కిటికీలు మూపిచ్చి బల్ల మీద కందిలి పెట్టిండు. అది సూర్యుడు. భూమికి బత్తాయి, చంద్రునికి రేగిపండు. సైజులు సరిగ్గ కుదిరినయి, కావాల్నంటే కొలువు, భూమిల చంద్రుడు నాలుగో వంతు కన్న జర ఎక్కువ. చంద్రుణ్ణి పట్టుకునే పని నాది. నేను బత్తాయి పక్కకే పోయి నిలబడ్డ, నీ వీడియోల ఉన్నట్టు. సారు నా చెయ్యి పట్టి వెనకకు గుంజుకుంట పోయిండు, ఇంక వెనకకు, ఇంక వెనకకు, గోడ తాకింది. ముప్పై బత్తాయిలు వరుసగ పేరిస్తే ఎంతో అంత దూరం, ఏడడుగులు. అక్కడికెల్లి రేగిపండు నీడ బత్తాయి మీద పడాలంటే ఎంత కష్టమో అప్పుడు తెల్సింది. జర చెయ్యి పైకి లేస్తే తప్పుతది, కిందికి దిగితే తప్పుతది. చంద్రుని దారి ఐదు డిగ్రీలు వాలి ఉన్నది గద, ఏడడుగుల మీద అది దాదాపు జానెడు. అందుకే నెలనెల గ్రహణం రాదు. నీ వీడియోల ఆ వాలు లేదు చిట్టీ. చూసిన పిల్లగాడు "మరి ప్రతి అమాసకు ఎందుకు రాదు" అంటే ఏం చెప్తవ్?

తర్వాత సారు ఒక మాటన్నడు, "ఈ కందిలి అబద్ధం రా" అని. ఈ బత్తాయి లెక్కన సూర్యుడు ఇరవై ఐదు అడుగుల గుండు, పెట్టాల్సింది చెరువు కట్ట అవతల, 800 మీటర్ల పైన. క్లాసుల పట్టదు కాబట్టి కందిలి పెట్టిన, ఎక్కడ అబద్ధమాడిన్నో గుర్తుపెట్టుకోండ్రి అన్నడు. అప్పటికి నాకు ఆకలై చంద్రుణ్ణి తిన్న, దెబ్బ పడ్డది, అది వేరే కథ.

గ్రహణం నాడు మా నాయినమ్మ మమ్మల్ని ఇంట్ల వేసి గొళ్ళెం పెట్టింది. తొక్కు జాడీల మీద, నీళ్ళ బిందెల మీద గరిక. నేను ఏడ్సిన, మొత్తుకున్న, ఎవ్వలినలే. మాది గూన పెంకుల ఇల్లు, సందులల్లకెల్లి ఎండ నేల మీద రూపాయి బిళ్ళల లెక్క గుండ్రంగ పడేది రోజూ. ఆ రోజు చూస్తుంటే చూస్తుంటే ఆ బిళ్ళలకు ఒక పక్క కొరికినట్టైంది. ఒక్కదానికి కాదు, అన్నిటికి ఒకటేసారి, ఒకటే పక్క. తర్వాత నెలవంకలైనయి, నేలంత నెలవంకలే, సన్నం సన్నం అయ్యి ఆరిపోయినయి. బయట కోళ్ళు గూట్లకు ఉరికినయి, బర్రె ఒకటే అరుసుడు. రెండు నిమిషాలో ఏమో, మళ్ళ సన్నగ గీతలు వచ్చినయి, ఈసారి వంపు అటు తిరిగి ఉన్నది. పెంకు సందు ప్రతిదీ ఒక కెమెరా అని, రోజూ నేల మీద పడేది ఎండ కాదు సూర్యుని బొమ్మ అని నాకు అప్పుడు తెల్వది. సోమవారం బడిల "ఎవరు చూసిన్రు" అంటే ఒక్క చెయ్యి లేవలే. నేను నేల ముచ్చట చెప్పిన. సారు సుద్దముక్క చేతిల పెట్టి, చూసింది చూసినట్టు గియ్యి అన్నడు. బోర్డు ఈ కొసకెల్లి ఆ కొసదాక పదకొండు బిళ్ళలు గీసిన. ఇప్పుడు నీ భాషల చెప్పాలంటే పదకొండు కీఫ్రేములు. ఇంజనీరింగ్ వదిలి బొమ్మల పనికి పోత అని నువ్వు అన్ననాడు ఇంట్ల అందరు లొల్లి చేస్తే నేనెందుకు మాట్లాడలేదో నీకు ఎన్నడు చెప్పలే గద.

చంద్రయాన్-3 దిగిననాడు, 2023 ఆగస్టు 23, మా బడిల ప్రొజెక్టర్ పెట్టినం. సాయంత్రం ఆరు దాటి నాలుగు నిమిషాలు, అందరు చప్పట్లు. ఏడో తరగతి పిల్ల ఒకతి లేచి "సార్, పక్కకెల్లి ఎవరు వీడియో తీస్తున్నరు" అనడిగింది. అడగాల్సిన ప్రశ్న అదే. అక్కడ ఎవరు లేరమ్మా, ల్యాండర్ పంపే ఎత్తు, వేగం అంకెలు వస్తున్నయి, ఆ అంకెలతోటి ఇక్కడ కంప్యూటర్ బొమ్మ నడుపుతున్నది అని చెప్పిన. మూల మీద ఒక్క లైన్ రాస్తే అయిపోవు, "ఇది యానిమేషన్" అని. నువ్వు రాస్తవ్, చూసిన, చిన్న అక్షరాలల్ల. ఇంక పెద్దగ రాయి. దూరాలు స్కేలుకు లేవని కూడ రాయి. మీ అమ్మ ఇప్పటికి కరోనా పురుగు ఎర్రగుంటదనే అనుకుంటది, అమెరికా రోగాల నివారణ సంస్థ సిడిసిల అలిసా ఎకర్ట్, డాన్ హిగిన్స్ చేసిన ఆ బూడిద బంతి, ఎర్ర ముండ్ల బొమ్మ చూసి. అసలు ఆ పురుగు వెలుతురు అల పొడుగు కన్నా చిన్నది, దానికి రంగేంది అంటే నా మీద కోపం చేసింది. బొమ్మ అంత బలంగ కూసుంటది మనసుల, అందుకే భయం.

ఇప్పుడు ఏఐ వచ్చి అన్ని బొమ్మలు అదే చేస్తున్నదని, ఆ పని చేసేటోళ్ళను తీసేస్తున్నరని రవి అన్నడు. చింటు ఫోన్‌ల గ్రహణం బొమ్మ గియ్యమని అడిగి చూసిన. చంద్రుడు మధ్యల ఉన్నడు, మంచిగ మెరుస్తున్నడు, నీడ మాత్రం సూర్యుని దిక్కు పడ్డది! కావాల్నంటే పంపిస్త. రేపో మాపో అది కూడ సరిచేసుకుంటదేమో, నాకేం తెల్సు. కానీ చూసేటోనికి ఎక్కడ అడ్డం తగుల్తదో దానికి చెప్పేటోళ్ళు ఉండాలె గద. నేను ఎవల్ని దృష్టిల పెట్టుకొని అంటలేను.

ఇంకొకటి, కిరాయి ఎక్కువైతుందని పోయిన నెల అన్నవ్. నా పెన్షన్ ఒకటో తారీఖు పడుతనే ఉన్నది, మా ఇద్దరికి ఖర్చేమున్నది, మందులు, పాలు. ఇది ఆ రింగు గురించి కాదు, మామూలుగ చెప్తున్న. ఆ పెంకుల ఇంటి నేలను ఒక్క నిమిషం బొమ్మ చేస్తవా ఎప్పుడన్న తీరినప్పుడు? ఇల్లు కూలగొట్టినంక ఫోటో కూడ లేదు. సందులు ఎక్కడెక్కడ ఉండెనో నేను కాగితం మీద గీసిస్త. తీరినప్పుడే.

పొద్దున మాడికాయ తొక్కు, సకినాలు, ఒక పది బత్తాయిలు కట్టి పెట్టింది అమ్మ, రేపు బస్టాండ్ల కార్గోల వేస్త. ఎప్పుడు ఆఫీసు అడ్రస్‌కే పంపుతం గద, పగలు రూముల ఎవలుండరని. ఈసారి ఆఫీసుకు పంపాల్నా, రూముకు పంపాల్నా? అదొక్కటి చెప్పు, రాత్రి లోపల.

నీ డాడీ