శ్రీశైలం డ్యామ్‌కి భూకంపం లెక్క మళ్లీ వేయించండి

ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. శ్రీశైలం గేట్లు ఎత్తిన రోజు ఘాట్ రోడ్డంతా కార్లే. జనం సెల్ఫీలు దిగే ఆ తెల్లటి నురగ కింద ప్లంజ్ పూల్, అంటే గేట్ల నుంచి దూకే నీళ్లు పడే మడుగు, పెద్ద గొయ్యిగా మారి ఏళ్లయింది. 2009 అక్టోబరులో 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిపడి, 885 అడుగుల దగ్గర ఆగాల్సిన నీళ్లు 896 దాకా లేచాయి. డ్యామ్ నిలబడింది, సంతోషం. గొయ్యి సంగతి చాలామంది అడుగుతూనే ఉన్నారు. నేను అడిగేది భూకంపం లెక్క, అంటే భూమి ఊగితే డ్యామ్ తట్టుకుంటుందా అని చూసే లెక్క.

"మన దగ్గర భూకంపాలేంటండీ" అంటారని తెలుసు. మహారాష్ట్రలో కొయ్నా దగ్గరా అదే ధీమా. దక్కన్ కదలని నేల అనుకుని 103 మీటర్ల డ్యామ్ కట్టారు. నీళ్లు నింపాక చిన్న చిన్న ప్రకంపనలు మొదలయ్యాయి. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున 6 దాటిన తీవ్రతతో భూమి కంపించింది. డ్యామ్ కూలలేదు గానీ, పైభాగంలో గోడ వాలు మారేచోట అడ్డంగా పగుళ్లిచ్చింది. కాంక్రీటు ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది, లాగితే చీలుతుంది. ఊగేటప్పుడు ఆ మలుపు దగ్గరే లాగుడు ఎక్కువ. తర్వాత దిగువన బట్రెస్‌లు (ఆసరా గోడలు) కట్టి బలపరచాల్సి వచ్చింది. 1993 లాతూరు భూకంపం సరేసరి.

శ్రీశైలానిది ఇంకో చిక్కు. ఇలాంటి గ్రావిటీ డ్యామ్ తన బరువుతోనే నిలుస్తుంది. భూమి ఊగితే వెనక నీళ్లు మామూలు కంటే గట్టిగా నెడతాయి. గోడ జారకుండా అడ్డుకునే వాటిలో దిగువ పాదం దగ్గరి రాయి ఒకటి. అక్కడే కదా గొయ్యి! ఎగువనేమో పూడిక: 308 టీఎంసీల రిజర్వాయర్ 215కి పడిపోయింది. బురద నెట్టడం వేరు, నీళ్లు నెట్టడం వేరు. అటూ ఇటూ ఇంత మారిన డ్యామ్‌కి పాత డ్రాయింగు ముందు పెట్టుకుని లెక్కలేస్తే ఏం లాభం?

డ్యామ్ సేఫ్టీ చట్టం 2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చింది. సమగ్ర భద్రతా పరిశీలనకు, ఎమర్జెన్సీ ప్లాన్‌కు అది ఇచ్చిన గడువు ఐదేళ్లు. గొయ్యి కొలతలు, పూడిక మట్టం కొత్తగా తీయించి, వాటి మీదే భూకంప విశ్లేషణ చేయించండి. రిపోర్టు తెలుగులో శాఖ వెబ్‌సైట్‌లో పెట్టించండి. టీఎంసీల గొడవ ఎలాగూ ఉండేదే, ఈ పనికి మాత్రం తెలంగాణ ఇంజినీర్లనూ పిలవండి. ఎడమగట్టు పవర్ హౌస్ వాళ్లదే. పోతిరెడ్డిపాడు నీళ్ల మీద బతికే సీమకు ఇంకో శ్రీశైలం లేదు.

ఇట్లు,
కర్నూలు జిల్లా నుంచి ఒక సివిల్ ఇంజినీరు