బేచాళీస్ అంటే 24 రాసే పిల్ల

సిరొంచ (మహారాష్ట్ర)

బిడ్డా,

మీ మరాఠీ బడిలో రెండో తరగతి పిల్లల్లో సగం మందికి రెండంకెల సంఖ్యలే రావట్లేదని ఫోన్‌లో అన్నావు. 'రావట్లేదు' అనే మాటను కొన్నాళ్ళు పక్కన పెట్టు. ఏది రావట్లేదో తెలిస్తేనే నీ చేతిలో పని ఉంటుంది. టీచర్ల అర్హత పరీక్ష టీఈటీకి నువ్వు చదివిన మనోవిజ్ఞానం పనికొచ్చేది ఇక్కడే.

బేచాళీస్, అంటే 42, రాయమంటే 24 రాసే పిల్లను తీసుకో. మరాఠీలో ఒకట్లు ముందు వినబడతాయి. 'బే' అంటే రెండు, ఆ వెనక 'చాళీస్'. చెవిన ముందు పడ్డదాన్నే చెయ్యి ముందు రాస్తుంది. ఇంట్లో ఆ పిల్ల తెలుగులో 'నలభై రెండు' అంటుంది, అక్కడ పలికే వరుసా రాసే వరుసా ఒకటే. ఏకోణ్‌తీస్, అంటే 29, ఇంకా చిక్కు. ముప్పైకి ఒకటి తక్కువని దాని అర్థం, కానీ చెవికి తగిలేది 'తీస్', అందుకే 3తో మొదలుపెడతారు. ఈ చిక్కునూ ఒత్తులున్న జోడక్షరాలు పలకలేని ఇబ్బందినీ చూసే 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి గణితంలో 'చాళీస్ దోన్' అనే పద్ధతిని కూడా పెట్టింది. మరాఠీ పాడవుతుందని అప్పుడు పెద్ద గోలే జరిగింది. మన తెలుగు పిల్లలకు మాత్రం అది ఇంటి లెక్కే.

ఒక్కో పిల్లను విడిగా కూర్చోబెట్టి మూడు పనులు చెయ్యి. ముందు 'నలభై రెండు' అని తెలుగులో చెప్పి రాయించు. 42 రాస్తే లెక్క వచ్చు, మరాఠీ పేరే రాలేదు. రాయకపోతే పుల్లలివ్వు, పదేసి కట్టలూ విడి పుల్లలూ. నాలుగు కట్టలు, రెండు పుల్లలు తీసిపెడితే స్థానవిలువ తెలుసు, దాన్ని అంకెల్లో పెట్టడమే తెలియదు. పుల్లల్లోనూ తడబడి నలభై రెండూ ఒక్కొక్కటిగా ఎంచుతుంటే, 'పది ఒక కట్ట' అన్న భావనే ఇంకా కుదరలేదు. ఈ మూడింటికీ ఒకే మందు వేస్తారు, పదిసార్లు రాయమని. మొదటి పిల్లకు అది దండగ, మూడో పిల్లకు హాని.

పేరు మాత్రమే రానివాళ్ళకు పలక మీద రెండు గళ్ళు గీయించు. బేచాళీస్ అనగానే ముందు 'చాళీస్' పట్టుకుని ఎడమ గడిలో 4 వెయ్యాలి, ఆ తర్వాతే 'బే'. వారానికి ఒక్క పదుల కుటుంబం చాలు. 29, 39, 49లను ఆ వారం కలపకు, చివర్లో వాటికే ఒక వారం ఇవ్వు. 99 ఆ వరసలో ఇమడదు, దాని పేరు నవ్వ్యాణ్ణవ్, విడిగా చెప్పు. ఇంకో మాట, దేవనాగరి १ మన పిల్లల కంటికి 9 లాగే ఉంటుంది. ఫోన్ల మీద వాళ్ళు చూసింది 1, 9. తప్పు దిద్దేముందు పిల్ల ఏ లిపిలో రాసిందో చూడు.

ఇదంతా పనిజ్ఞాపకం మీది బరువు, అంటే ఆ క్షణానికి మనసులో పట్టి ఉంచుకునే చోటు మీది బరువు. అందులో ఒకసారికి ఎన్ని విషయాలు పడతాయంటే, 1956లో మనోవిజ్ఞాని మిల్లర్ ఏడుకు రెండు అటూ ఇటూ అన్నాడు. 2001లో కోవన్ దాన్ని నాలుగుకు దించాడు. అదీ పెద్దవాళ్ళ లెక్క, ఏడేళ్ళ పిల్లలకు ఇంకా తక్కువ. ఇంటి భాష మాడియా (ఇక్కడి గోండుల భాష) అయిన పిల్లకు నీ మరాఠీ మాటను అర్థం చేసుకోవడానికే అందులో కొంత పోతుంది. 'పుస్తకం తీసి, ముప్పై నాలుగో పేజీలో మూడో లెక్క చేసి, గీత గీసి, పక్కవాడికి చూపించు' అంటే పిల్ల పుస్తకం తీసి నీ మొహం చూస్తుంది. అది పొగరు కాదు, మిగతా మాటలు జారిపోయాయి. పేజీ నంబరు బోర్డు మీద రాసి, ఒకసారికి రెండు పనులే చెప్పు.

ఆ పిల్లలే గ్రౌండులో నీతో గలగలా మరాఠీ మాట్లాడతారు, అది చూసి మోసపోకు. ఆటల భాష రెండేళ్ళలో పట్టుబడుతుంది, పాఠం భాషకు ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుందని భాషా పరిశోధకుడు కమిన్స్ చెప్పాడు. ప్రశ్న అడిగాక మనసులో మూడు అంకెలు లెక్కపెట్టు. మామూలుగా టీచర్లు ఒక్క సెకను ఆగి జవాబు తామే చెప్పేస్తారని పరిశోధకురాలు మేరీ బడ్ రో గమనించింది. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి.

మరుపు గురించి బెంగపడకు, జర్మన్ మనోవిజ్ఞాని ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే దాన్ని కొలిచాడు. చెప్పింది మళ్ళీ చెప్పడం కన్నా పిల్ల చేతే గుర్తు తెప్పించడం మేలు. 2006లో రోడిగర్, కార్పికే కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, మళ్ళీ చదివినవాళ్ళకు వారం తర్వాత 42 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినవాళ్ళకు 56 శాతం గుర్తుంది. చదివిన ఐదు నిమిషాలకు అడిగినప్పుడు మాత్రం మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. మనల్ని మోసం చేసేది ఆ ఐదు నిమిషాలే. రోజూ గంట మొదట్లో నాలుగు లెక్కలివ్వు: నిన్నటివి రెండు, పోయిన వారానిది ఒకటి, పోయిన నెలది ఒకటి. చేతులెత్తినవాళ్ళనే అడగకు, అందరూ పలక మీద రాసి ఒకేసారి పైకెత్తాలి. జవాబు వెంటనే చెప్పాలి, లేకపోతే తప్పే గట్టిపడవచ్చు. మార్కులు వద్దు, వేసిన రోజు నుంచి చూసిరాత మొదలవుతుంది.

కొత్త లెక్కకు ఊతం వెనక నుంచి తియ్యి. 37+25 మొత్తం చేసి చూపించు. రెండోది చేసి చివరి మెట్టు వాళ్ళకు వదులు. మూడోదానిలో చివరి రెండు. ఊతం ఇవ్వడం అందరికీ వచ్చు, తియ్యడమే మరుస్తారు. లెక్క వచ్చేసిన పిల్లవాడికి చేసిన లెక్కలు చూపిస్తే విసుగు, వాడికి సొంతంగా చెయ్యనివ్వు.

చూసి నేర్చేవాళ్ళు, విని నేర్చేవాళ్ళు అని పిల్లల్ని పంచే ట్రైనింగ్ వస్తే చాయ్ తాగి వచ్చెయ్. ఆ పంపకంతో చదువు మెరుగైందనడానికి సరైన ఆధారాలు లేవు.

గణితం గంటకు కడుపునొప్పి అనే పిల్లవాడి సంగతి. బయటికి పంపితే నొప్పి తగ్గుతుంది, మర్నాడు మళ్ళీ వస్తుంది. అదే ఋణాత్మక పునర్బలనం. పరీక్షలో దాన్ని శిక్ష అని రాసి మార్కులు పోగొట్టుకుంటారు, కానీ అది శిక్షకు ఎదురు. ఇష్టంలేనిది తప్పిపోవడంతో ఆ పని బలపడుతుంది. నిజంగా జబ్బు కాదని చూసుకుని లోపలే ఉంచు, మొదటి లెక్క మాత్రం వాడు తప్పకుండా చెయ్యగలిగింది ఇవ్వు.

చీపురు పుల్లలు సమానంగా కోసి మూడు వందలు బస్సులో పంపుతున్నాను, రబ్బరు బ్యాండ్లూ అందులోనే ఉన్నాయి. దారంతో కట్టకు. తీసివేత వచ్చినప్పుడు కట్ట విప్పాల్సింది పిల్లలే, ముడి వాళ్ళ వేళ్ళకు రాదు.

అమ్మ