పదేళ్లు దాటింది, కార్మిక సదస్సు ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో గుమస్తాను. ఎవరు ఎన్ని కిలోల గింజ కొట్టారో, ఎన్ని కిలోల పప్పుకు పొట్టు తీశారో సాయంత్రం కాటా దగ్గర లెక్క రాయడం నా పని. రాష్ట్రంలో రోజు పని గంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచాలని 2025 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించిందన్న వార్తను మా యజమానికి చదివి వినిపించాను. ఆయనకూ అది కొత్త సంగతే. గింజ కొట్టే ఒకావిడకు చెబితే, జీడి రసంతో నల్లబడిన వేళ్లు పాతగుడ్డకు తుడుచుకుంటూ, "గంటల సంగతి సరే బాబూ, కిలోకు ఎంత పెరుగుతుంది?" అంది.

నిర్ణయానికి ముందు ప్రభుత్వం మమ్మల్ని అడిగి ఉంటే ఈ మాట అప్పుడే బయటపడేది. మా వాళ్లకు గడియారం కాటాయే. యజమానిని అడిగినా గంటలు కావాలనడు, సీజన్‌లో గింజ కొనడానికి పెట్టుబడి కావాలంటాడు.

అడగడానికి ఏర్పాటు లేక కాదు. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు కలిసి కూర్చునే భారత కార్మిక సదస్సు 1942 నుంచీ ఉంది. 46వ సదస్సు 2015 జూలైలో జరిగింది. ఆ తరువాత మళ్లీ జరగలేదు. ఈలోగా 29 కార్మిక చట్టాలను నాలుగు కోడ్‌లుగా మార్చారు, 2025 నవంబర్ 21 నుంచి అమలులోకీ తెచ్చారు. ఇలాంటి త్రైపాక్షిక సంప్రదింపులు జరుపుతామని అంతర్జాతీయ కార్మిక సంస్థ 144వ ఒడంబడికను మన దేశం 1978లోనే ఆమోదించింది మరి!

సదస్సుల్లో ఉపన్యాసాలు తప్ప ఏముంటాయని మా యజమాని అంటారు. కొంత నిజమే. కానీ కనీస వేతనం ఎలా కట్టాలో తేల్చింది 1957 నాటి 15వ సదస్సే. మనిషికి 2,700 కేలరీల తిండి, నలుగురున్న ఇంటికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం ఖర్చు అంటూ కూర్చుని లెక్క కట్టారు. ఆ లెక్కలో ఒక లోపమూ ఉంది: ఇంట్లో సంపాదించేది ఒక్కరేనని, ఆడవాళ్ల సంపాదన కలపనక్కరలేదని అనుకున్నారు. మా కాటా దగ్గర బారులు తీరిన ఆడవాళ్లను చూస్తే ఆ ఊహ ఎంత దూరమో తెలుస్తుంది. దాన్ని సరిదిద్దాలన్నా ముగ్గురూ మళ్లీ ఒకచోట కూర్చోవలసిందే కదా.

కనీస వేతనాల ప్రతిపాదనపై అభ్యంతరాలకు రెండు నెలల గడువిస్తారు, బాగానే ఉంది. నేను చూసిన రాజపత్రాలన్నీ ఇంగ్లిషులోనే ఉన్నాయి. వాటిని తెలుగులో అచ్చువేసి ఫ్యాక్టరీ గేటు దగ్గర అంటిస్తే అభ్యంతరాలు వాటంతట అవే వస్తాయి. 47వ సదస్సు తేదీ కేంద్రం వెంటనే ప్రకటించాలి. మన రాష్ట్రమూ తన స్థాయిలో అలాంటిది పెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు. అప్పుడు ఉద్దానం తోటల నుంచి గింజ దిగుతుంది, మాలో ఎవరికీ వచ్చే తీరిక ఉండదు.

— జీడి ఫ్యాక్టరీ గుమస్తా, పలాస