షెడ్డు పోర్షన్ల వంటగదుల గురించి కూడా రాయండి

సంపాదకులకు,

ఆర్యా,

తెలుగు పత్రికల ఆదివారం సంచికల్లో, స్థిరాస్తి పేజీల్లో వంటిళ్ల గురించి వచ్చే వ్యాసాలను నేను శ్రద్ధగా చదువుతుంటాను. వాటిలో లక్షలు ఖర్చయ్యే మాడ్యులర్ కిచెన్లు, చిమ్నీలు, రంగురంగుల క్యాబినెట్లు కనిపిస్తాయి గానీ, హనుమకొండ, కాజీపేట, వరంగల్ కాలనీల్లో కారు షెడ్డుకు గోడ కట్టి పోర్షనుగా మార్చి కిరాయికి ఇచ్చిన ఇళ్లలోని వంటగది ఊసు మాత్రం ఉండదు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి చదువుకో, ఆసుపత్రుల్లో కొలువుకో, పోటీ పరీక్షల కోచింగుకో వచ్చినవారు, కొత్తగా కాపురం పెట్టినవారు చాలామంది ఇలాంటి పోర్షన్లలోనే ఉంటున్నారు. ఈ మధ్య మా ఇంటి షెడ్డు పోర్షనులోని వంటగదిని యాభై వేల రూపాయల హద్దు పెట్టుకొని బాగు చేయించాము. ఆ పనిని దగ్గరుండి చూసుకున్నదానిగా నేను గట్టిగా నమ్ముతున్న మాట ఒక్కటే. చిన్న వంటగదిలో డబ్బు ముందుగా గాలికి, గ్యాసు భద్రతకు, నీళ్లు పోయే దారికి, కరెంటు వైర్లకు పెట్టాలి. ఆ తర్వాతే గట్టు బండకు, అన్నిటికన్నా చివర అల్మారాలకు. మన దగ్గర చాలామంది ముందు అల్మారాలు చేయించి, గాలి సంగతి ఆ తర్వాత చూద్దామనుకుంటున్నారు.

అపార్టుమెంట్లలో పార్కింగుకు వదిలిన స్థలాన్ని గదులుగా మార్చడం నిబంధనలకు విరుద్ధం. దాన్ని నేను ఎంతమాత్రం సమర్థించడం లేదు. సొంత ఇంటి షెడ్డును నివాసంగా మార్చాలన్నా మున్సిపల్ అనుమతి తీసుకోవలసిందే. నేను రాస్తున్నది ఇప్పటికే మనుషులు వండుకొని తింటున్న పోర్షన్ల గురించి.

షెడ్డును కారు కోసం కట్టారు కాబట్టి మూడు వైపులా గోడలు, ముందర షటరు తప్ప కిటికీ అనేది ఉండదు. పోర్షనుగా మార్చేటప్పుడు ముందు భాగాన్ని కూర్చునేందుకు, పడుకునేందుకు ఉంచుకొని, వంట గట్టును గాలి ఆడని వెనక మూలకు నెడతారు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం, భోజనానికి వేరే చోటు ఉన్న ఇంట్లో వంటగది వైశాల్యం కనీసం 5 చదరపు మీటర్లు, వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. మన లెక్కలో అది దాదాపు ఆరడుగులకు తొమ్మిదడుగులు. వంటగదికి ఆరుబయటికి తెరుచుకునే కిటికీ గానీ వెంటిలేటరు గానీ ఉండాలని కూడా అందులోనే ఉంది. స్థలం కొంత తగ్గినా సర్దుకోవచ్చు గానీ కిటికీ దగ్గర సర్దుకోకూడదు. ప్రహరీకీ షెడ్డుకీ మధ్య సన్నటి సందు ఉన్నా సరే, ఆ వైపు గోడ కోయించి, పైన లింటెల్ వేయించి, సుమారు మూడడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తు కిటికీ పెట్టించడమే మొదటి పని కావాలి.

ఎగ్జాస్ట్ ఫ్యానును తీసుకెళ్లి అదే కిటికీ పైన బిగించేవారు ఎక్కువ. అలా పెడితే కిటికీలోంచి వచ్చిన గాలినే అది తిరిగి బయటికి తోస్తుంది తప్ప పొయ్యి మీది పొగను లాగదు. ఫ్యాను పొయ్యికి దగ్గరగా, పైకప్పు కిందుగా ఉండాలి. గాలి లోపలికి వచ్చే దారి దానికి ఎదుటి వైపున ఉండాలి. మా పోర్షనులో ఈ ఒక్క మార్పుతో, ఎండుమిర్చి తాలింపు వేసినా ముందుగదిలో ఉన్నవారికి దగ్గు రావడం తగ్గింది. పైకప్పు సిమెంటు రేకులైతే ఫ్యాను కోసమని వాటికి రంధ్రం చేయించకూడదు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో రేకుల కింద నిలబడి వండడం ఎంత కష్టమో వండేవారికే తెలుసు. రేకుల పైన తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయిస్తే లోపలి వేడి కొంత తగ్గుతుంది. రాష్ట్ర ప్రభుత్వం 2023లోనే కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది గానీ ఆ మాట ఇలాంటి పోర్షన్ల దాకా చేరినట్టు లేదు. వేడి తగ్గుతుందని పొయ్యి పైన థర్మాకోల్ సీలింగు వేయించేవారు కూడా ఉన్నారు. అది ఇట్టే అంటుకుంటుంది, దయచేసి ఆ పని చేయవద్దు.

వంటగ్యాసు గాలి కన్నా బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. కాబట్టి పైన ఎంత పెద్ద ఫ్యాను ఉన్నా, సిలిండరు పెట్టే చోట నేలకు ఆనుకొని గోడలో జాలీ ఒకటి ఉండి తీరాలి. చాలాచోట్ల షెడ్డు నేల వాకిలి కన్నా పల్లంగా ఉంటుంది. అటువంటప్పుడు ముందు నేలను ఎత్తు చేయించకపోతే లీకైన గ్యాసు లోపలే నిలిచిపోతుంది. 14.2 కిలోల సిలిండరును నిలువుగానే ఉంచాలని, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలని, సురక్షా ట్యూబును ఐదేళ్లకోసారి మార్చాలని గ్యాసు ఏజెన్సీలు చెబుతూనే ఉంటాయి. వారు చెప్పనిది ఒకటుంది. దొంగల భయంతో రాత్రిపూట మోటారు సైకిలును లోపలికి తోసి, సిలిండరు పక్కనే నిలబెట్టి, షటరు దించి పడుకునే అలవాటు ఈ పోర్షన్లలో ఉంది. పెట్రోలు ఆవిరి కూడా నేల మీదే పరుచుకుంటుంది. ఇంటి ఓనరు బయటి గోడకు గట్టి ఇనుప కొక్కెం ఒకటి బిగించి ఇస్తే బండికి గొలుసు వేసుకొని బయటే ఉంచుకుంటారు. గ్యాసు వాసన వస్తే ముందు బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయాలని మేము గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాము.

2023 జూలై వానలకు హనుమకొండ, వరంగల్‌లలో ఎన్నో కాలనీలు నీళ్లలో చిక్కుకున్న సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. రోడ్డు మట్టానికి దగ్గరగా ఉండే షెడ్లలోకే నీళ్లు ముందుగా చేరతాయి. అందుకే గట్టు కింద పార్టికల్ బోర్డు అల్మారాలకు డబ్బు పెట్టవద్దని నా మనవి. అది ఒక్కసారి నానితే ఉబ్బి పొట్టులా రాలిపోతుంది. కడప బండలను నిలువుగా నిలబెట్టి అరలు కట్టించి, ముందు అల్యూమినియం తలుపులు పెట్టిస్తే చెద పట్టదు, తడిసినా కడిగి తుడుచుకోవచ్చు. పైన గోడకు ప్లైవుడ్ అల్మారాలు కావాలనుకునేవారు, తడిని తట్టుకునే ప్లైవుడ్‌కు ఉండే ఐఎస్ 710 గుర్తు చూసి తీసుకోవాలి. సింకు నీళ్లు పోయే పైపుకు అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు ఉండాలి, కింద ట్రాప్, అంటే కొంచెం నీళ్లు నిలిచి వాసనను ఆపే వంపు పైపు, తప్పనిసరిగా పెట్టించాలి. లేకపోతే మోరీ వాసన, బొద్దింకలు నేరుగా వంటగదిలోకే వస్తాయి.

కరెంటు గురించి రెండు మాటలు చాలు. ఇండక్షన్ పొయ్యికి 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి మెయిన్ బోర్డు నుంచి వేరే రాగి వైరు, ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే స్విచ్చు) పెట్టించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఫ్రిజ్జు, మిక్సీ, ఇండక్షన్ నడిపించడం ఆపాలి.

గట్టు బండ దగ్గర మాత్రం కొంచెం ఓపిక పడితే డబ్బు బాగా మిగులుతుంది. విదేశాలకు ఎగుమతయ్యే ట్యాన్ బ్రౌన్ గ్రానైట్ మన కరీంనగర్‌దే. పెద్ద పలకలు కోయగా మిగిలిన కట్ పీసులు గ్రానైట్ దుకాణాల వెనక గోడకు ఆనించి ఉంటాయి; పూర్తి పలక కొనే పని లేకుండా అవి చాలా తక్కువకు దొరుకుతాయి. వెడల్పు రెండడుగులు చాలు కాబట్టి చిన్న గట్టుకు రెండు ముక్కలు సరిపోతాయి. నల్లగా నిగనిగలాడుతూ ఉంటుందని పై పలకకు కూడా కడప బండే వేయించుకునేవారు ఒక సంగతి గమనించాలి. అది సున్నపురాయి. చింతపండు పులుసు, నిమ్మరసం ఒలికిన చోట దాని మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. దుకాణంలోనే ముక్క అంచున నిమ్మరసం చుక్క వేసి కాసేపు ఆగి తుడిచి చూస్తే తేడా తెలిసిపోతుంది. రోజూ పచ్చిపులుసో పప్పుచారో చేసుకునే ఇళ్లకు అడుగున కడప బండ, పైన గ్రానైట్ ఉండడమే మేలు.

సుతారి మేస్త్రీలు సాధారణంగా గట్టునంతా ఒకే ఎత్తులో కడతారు. దాని మీద పొయ్యి పెట్టి, పొయ్యి మీద కుక్కరు పెడితే పొట్టిగా ఉన్న స్త్రీలకు భుజాలు లాగుతాయి. కూరగాయలు కోసే వైపు రెండు అడుగుల పదంగుళాలు ఉంచి, పొయ్యి ఉండే ముక్కను నాలుగంగుళాలు దించి కట్టమని మేము అడిగాము. గ్రానైట్ ఎలాగూ రెండు ముక్కలే కాబట్టి అతుకు సరిగ్గా ఆ మెట్టు దగ్గరే పడింది, అదనంగా ఖర్చేమీ కాలేదు. దించిన వైపే జొన్నరొట్టె తట్టుకోవడానికీ వీలుగా ఉందని పోర్షనులో ఉంటున్న ఆమె చెప్పారు.

ఇంత ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న చోటే చాలా పోర్షన్లలో పని ఆగిపోతోంది. కిటికీ, జాలీ, వైరింగు, మోరీ పైపు ఇంటితోపాటు ఉండిపోయేవి కాబట్టి వాటి భారం ఓనర్లదే అని నా అభిప్రాయం. కిరాయిదారు తన డబ్బుతో గట్టు బాగు చేయించుకుంటే, దాన్ని నెలనెలా కిరాయిలో ఎంత తగ్గించుకుంటారో ముందే కాగితం మీద రాసుకోవాలి.

పాలిటెక్నిక్, ఐటీఐ కళాశాలల్లో సివిల్, ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పే అధ్యాపకులతో, అనుభవమున్న సుతారి మేస్త్రీలతో మాట్లాడి, ఆరడుగులకు తొమ్మిదడుగుల వంటగదికి కొలతలతో, స్థానిక ధరలతో ఒక నమూనా పటాన్ని మీ జిల్లా పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఎండాకాలం రాకముందే అది వస్తే, కొత్త విద్యా సంవత్సరానికి పోర్షన్లు ఖాళీ అయ్యే రోజుల్లో ఓనర్లు పని మొదలుపెట్టుకోవడానికి వీలుంటుంది.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ